నాలుక మీది తెలివి: ఇటాలియన్ క్రియ ‘సపేరె’ అర్థాలు, వాడుక

క్రీ.శ. 960 మార్చి నెలలో, దక్షిణ ఇటలీలోని కాపువా పట్టణంలో ఒక భూవివాదం అరెకిసి అనే న్యాయమూర్తి ముందుకు వచ్చింది. మోంతెకాస్సీనొ కొండ మీది బెనెడిక్ట్ మఠం ఒకవైపు, ఆ మఠం అనుభవిస్తున్న భూములు తన వారసత్వమని వాదించిన రొదెల్‌గ్రీమొ మరోవైపు నిలిచారు. తీర్పు పత్రమంతా ఆనాటి ఆచారం ప్రకారం లాటిన్‌లోనే సాగింది. సాక్షులు పలికిన వాక్యాన్ని మాత్రం లేఖకుడు వాడుక భాషలోనే రాసిపెట్టాడు: “సావొ కొ కెల్లె తెర్రె, పెర్ కెల్లె ఫీని కె కి కొంతేనె, త్రెంత అన్ని లె పొస్సెత్తె పార్తె సంక్తి బెనెదిక్తి.” ఇక్కడ చెప్పిన ఎల్లల లోపలి ఆ భూములు ముప్పై ఏళ్ళు బెనెడిక్ట్ మఠం స్వాధీనంలో ఉన్నాయని నాకు తెలుసు అని దాని అర్థం. లాటిన్ నుంచి తాను వేరే భాషనని గుర్తెరిగి రాసిన తొలి ఇటాలియన్ వాక్యంగా పండితులు లెక్కించేది దీన్నే. ఇందులో మొదటి మాట ‘సావొ’, అంటే ‘నాకు తెలుసు’. తెలుగులోకి మార్చినప్పుడు వాక్యనియమం వల్ల అది చివరికి జరుగుతుంది గానీ, ఇటాలియన్ రాతచరిత్ర మొదలైనది మాత్రం తెలియడం గురించిన క్రియతోనే.

ఆ క్రియ పేరు ‘సపేరె’. నిఘంటువు తెరిస్తే మొదట కనిపించే అర్థం ‘తెలియు’. దాని వెంటే ‘వచ్చు’ ఉంటుంది, అంటే ఈత రావడం, వంట రావడం వంటి నేర్పు. ఆ తరువాత, మొదటి రెండింటితో ఏ సంబంధమూ లేనట్టు, ‘రుచి కలిగి ఉండు, వాసన వచ్చు’ అనే అర్థం కనిపిస్తుంది. ఇటాలియన్ నేర్చుకునే తెలుగువారిలో చాలామంది ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల మీద ఆధారపడతారు కాబట్టి, ఈ మూడు అర్థాలనూ ఇంగ్లీషు క్రియల గుండా పట్టుకోవడానికి ప్రయత్నించి తికమకపడతారు. నిజానికి ఈ క్రియ ప్రవర్తనలో ఎక్కువ భాగం తెలుగులోనే సహజంగా దొరుకుతుంది. నేరుగా తెలుగు నుంచి వెళితే దారి చాలా దగ్గర, దారి తప్పే చోటు ఒకటి మాత్రం ఉంది.

చివర చెప్పిన రుచి అర్థమే చరిత్రలో మొదటిది. లాటిన్‌లో ‘సపెరె’ అంటే మొదట ఒక పదార్థానికి రుచి ఉండటం, ఆ తరువాత ఆ రుచిని కనిపెట్టగలగడం, ఆపైన మంచిచెడ్డలు కనిపెట్టగల వివేకం కలిగి ఉండటం. ఏడో శతాబ్దపు ఆరంభంలో సెవీల్ నగరపు బిషప్ ఇసిదోర్ తన పదకోశంలో, వివేకికి ‘సపియెన్స్’ అన్న పేరు రుచిని బట్టే వచ్చిందని, ఆహారాల రుచులను వేరుచేయడానికి నాలుక ఎలా తగినదో, విషయాలనూ వాటి కారణాలనూ వేరుచేయడానికి వివేకి అలా తగినవాడని వివరించాడు. ఆయన చెప్పిన వ్యుత్పత్తులలో ఊహలు చాలా ఉన్నా, ఇది మాత్రం సరైనదే. జీవజాతులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ మన జాతికి 1758లో ఖాయం చేసిన ‘హోమో సపియెన్స్’ అన్న పేరులో ఉన్నదీ ఈ మాటే.

సమాచారం తెలిసి ఉండటానికి లాటిన్‌లో అసలు వాడిన క్రియ ‘స్కీరె’. ‘షియెంత్స’, అంటే విజ్ఞానశాస్త్రం అన్న ఇటాలియన్ మాట దాని సంతతే. జనం నోట మాత్రం ‘స్కీరె’ క్రమంగా చాలాచోట్ల వెనకబడి, దాని స్థానంలోకి రుచి క్రియ వచ్చి కూర్చుంది. ఫ్రెంచి ‘సవ్వార్’, స్పానిష్ ‘సబేర్’ కూడా అలా వచ్చినవే. రుమేనియన్‌లోనూ, సార్డీనియా దీవి భాషలోనూ పాత ‘స్కీరె’ ఇంకా బతికి ఉంది.

తెలుగు ఈ దారిన రాలేదు. ‘తెలియు’, ‘తెలివి’ అన్న మాటలు ‘తెలి’, ‘తెల్ల’, ‘తేటతెల్లం’ అన్న మాటల చుట్టాలు. తెల్లవారడం, స్పృహ తప్పినవారికి తెలివి రావడం, విషయం తెలియడం అన్నీ ఒకే వెలుగు నుంచి పుట్టాయి. తెలుగువాడికి తెలియడమంటే మసక తొలగి కంటికి ఆనడం, ఇటాలియన్‌కు తెలియడమంటే నాలుకకు తగలడం. రుచి సంగతికి వస్తే, మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘రుచి’ అన్న మాటకు మూలధాతువు అర్థం ప్రకాశించడం. ఒక భాషలో వెలుగు రుచి అయింది, మరొక భాషలో రుచి తెలివి అయింది. ఈ రెండు మార్పులకూ ఒకదానితో ఒకటి సంబంధం లేకపోయినా, పక్కపక్కన పెట్టి చూడదగినవి.

రుచి అర్థంలో ‘సపేరె’ నేటికీ ఇళ్ళల్లో రోజూ వినిపించే మాట. ఈ అర్థంలో దాని పక్కన ‘ది’ అనే విభక్తి తప్పనిసరి. ‘సా’ అన్నది ‘సపేరె’కు ‘అది’తో వచ్చే రూపం: ‘సా ది సాలె’ అంటే ఉప్పగా ఉంది, ‘సా ది ముఫ్ఫ’ అంటే బూజు వాసన వేస్తోంది, ‘సా ది తాప్పొ’ అంటే వైన్‌లోకి బిరడా కంపు దిగింది. ‘నోన్ సా ది నియెంతె’ అంటే ఏ రుచీ లేదు, చప్పగా ఉంది. తెలుగులో చప్పగా అన్న మాట కూర నుంచి సినిమాకూ ఉపన్యాసానికీ ఎలా పాకిందో, ఈ ఇటాలియన్ మాట కూడా అలాగే పాకింది. ‘ఈ కథ అబద్ధంలా సా’ అన్న ఇటాలియన్ వాడుకకు తెలుగులో రుచి కన్నా వాసన బాగా నప్పుతుంది: ఈ మాటల్లో అబద్ధం వాసన కొడుతోంది అంటాం.

ఈ అర్థానికి ఇటాలియన్ సాహిత్యంలో అందరికీ కంఠస్థమైన ఉదాహరణ దాంతె కావ్యంలో స్వర్గాన్ని వర్ణించే భాగమైన ‘పరదీసొ’ పదిహేడో సర్గలో ఉంది. ఫ్లోరెన్స్ నుంచి 1302లో బహిష్కృతుడై, మళ్ళీ సొంత ఊరి ముఖం చూడకుండానే 1321లో రవెన్నాలో మరణించిన కవి ఆయన. కావ్యంలో ఆయన ముత్తాతకు తండ్రి అయిన కచ్చగ్వీద స్వర్గంలో ఎదురై, రాబోయే ప్రవాసాన్ని ముందే చెబుతూ, పరాయివాడి రొట్టె ఎంత ఉప్పగా ఉంటుందో (‘సా ది సాలె’), పరాయివాడి మెట్లు ఎక్కి దిగడం ఎంత కష్టమో నీకే అనుభవమవుతుంది అంటాడు. ఇక్కడ ఉప్పదనం అంటే ప్రధానంగా చేదు, పరాధీనపు తిండిలోని చేదు. ఫ్లోరెన్స్ వంటి టస్కనీ ఊళ్ళలో సంప్రదాయంగా రొట్టెలో ఉప్పు వేయరన్నది గుర్తుంచుకుంటే, ఇల్లు విడిచినవాడి నాలుకకు పరాయి ఊరి రొట్టె నిజంగానే ఉప్పగా తగులుతుందన్న మరో పొర కూడా కనిపిస్తుంది. ‘సా’ అన్న మాటను వినే ఇటాలియన్ చెవికి అందులోనే ‘తెలుసు’ కూడా వినిపిస్తుంది కాబట్టి, ఆ వాక్యం బరువు అనువాదంలో సగమే మిగులుతుంది. తెలుగులో ‘చవిచూడు’ అన్న క్రియ ఒక్కటే దానికి కొంత దగ్గరగా వస్తుంది. కష్టాలు చవిచూశాడు అన్నప్పుడు రుచీ అనుభవజ్ఞానమూ ఒకే మాటలో ఉంటాయి.

ఉప్పు లేని ఆ టస్కనీ రొట్టెను స్థానికులు ‘పానె షోక్కొ’ అంటారు. టస్కనీలో ‘షోక్కొ’ అంటే ఉప్పు చాలనిది, తక్కిన ఇటలీలో అదే మాటకు తెలివితక్కువవాడని అర్థం. ఈ మాట ‘సపేరె’ కుటుంబానికి చెందినది కాదు, సారం లేనిది అన్న అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిందని సాధారణంగా చెబుతారు. అయినా రుచి లేమినీ బుద్ధి లేమినీ ఒకటిగా చూసే ఆలోచన ఆ నేలలో ఎంత లోతుగా ఉందో ఇది చూపిస్తుంది. ‘సపేరె’ కుటుంబంలోనే నేరుగా ఒక జంట ఉంది: ‘ఇన్‌సీపిదొ’ అంటే రుచి లేనిది, ‘ఇన్‌సిపియెంతె’ అంటే వివేకం లేనివాడు.

ఇక వాడుకలో అందరినీ ఇబ్బంది పెట్టే విషయం ‘సపేరె’కూ ‘కొనోషెరె’కూ మధ్య ఉన్న సరిహద్దు. రెండింటికీ ‘తెలియు’ అనే అర్థం రాస్తారు. ‘కొనోషెరె’ లాటిన్ ‘కొగ్నోస్కెరె’ నుంచి వచ్చింది. దాని మూలధాతువూ, మన ‘జ్ఞానం’ అన్న మాటలోని సంస్కృత ‘జ్ఞా’ ధాతువూ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి చీలినవి. కాబట్టి శబ్దచరిత్రలో మన జ్ఞానానికి చుట్టం ‘కొనోషెరె’యే గాని ‘సపేరె’ కాదు. వాడుకలో చూస్తే, ఒక విషయం, ఒక వార్త, ఒక సమాధానం తెలియడానికి ‘సపేరె’ వస్తుంది. మనిషితోనో ఊరితోనో పుస్తకంతోనో ఉన్న పరిచయానికి ‘కొనోషెరె’ వస్తుంది. ‘సొ కి ఎ, మ నోన్ లొ కొనోస్కొ’ అన్న వాక్యం ఈ తేడాను ఒక్కచోటే చూపిస్తుంది: ఆయన ఎవరో తెలుసు గానీ, ఆయనతో పరిచయం లేదు. అలాగే ‘సొ దొవె సి త్రోవ నాపొలి’ అంటే నేపుల్స్ ఎక్కడుందో తెలుసు, పటం చూసినవాడెవడైనా ఆ మాట అనగలడు. ‘కొనోస్కొ నాపొలి’ అనాలంటే మాత్రం ఆ ఊరి వీధుల్లో తిరిగి ఉండాలి.

తెలుగువారు దారి తప్పే చోటు ఇదే. పాత తెలుగులో ‘ఎరుగు’ అన్న క్రియ పరిచయపు పనిని చక్కగా చేసేది, ‘నేనెరిగిన మనిషి’ అన్న మాట ఇప్పటికీ ఉంది. నేటి వాడుకలో మాత్రం ‘ఆయన నాకు తెలుసు’ అన్నదే ఎక్కువ. అందువల్ల మనిషిని ‘సపేరె’కు కర్మగా పెట్టే పొరపాటు తెలుగువారి ఇటాలియన్‌లో సులభంగా జరుగుతుంది. తెలుగు వాక్యాన్ని ముందు ‘ఎరుగుదును’ లేదా ‘పరిచయం ఉంది’ అని మార్చి చూడటం దీనికి మంచి పరీక్ష. మార్చినా వాక్యం నిలిస్తే ‘కొనోషెరె’, నిలవకపోతే ‘సపేరె’. ఆయన ఎక్కడుంటాడో నాకు పరిచయం ఉంది అనలేం కదా. ‘అని’, ‘ఎక్కడ’, ‘ఎప్పుడు’, ‘-ఓ లేదో’ వంటి వాటితో వచ్చే ఉపవాక్యం ఉన్నచోట ఎప్పుడూ ‘సపేరె’యే వస్తుంది. మనిషిని కర్మగా పెట్టే ఒక సందర్భం ‘సపేరె’కూ ఉంది గానీ, అప్పుడు ఆ మనిషి స్థితిని కూడా చెప్పాలి: ‘తి సపేవొ మలాతొ’ అంటే నీకు ఒంట్లో బాగాలేదని నాకు అప్పటికే తెలుసు. భాషల విషయంలో రెండు క్రియలూ చెల్లుతాయి.

భూతకాలంలో తెలుగువారికి పూర్తి అనుకూలత దొరుకుతుంది. ఇటాలియన్‌లో గతాన్ని చెప్పడానికి రెండు ముఖ్యమైన రూపాలున్నాయి: కొనసాగిన స్థితిని చెప్పే ‘ఇంపెర్ఫెత్తొ’, జరిగి ముగిసిన ఘటనను చెప్పే ‘పస్సాతొ ప్రోస్సిమొ’. ‘సపేవొ’ అంటే అప్పటికే తెలుసు, ‘ఒ సపూతొ’ అంటే అప్పుడే తెలిసింది. నీకు పెళ్ళయిందని ఎవరో చెబితే విన్నవాడు ‘ఒ సపూతొ’ అంటాడు, ముందునుంచీ ఎరిగినవాడు ‘సపేవొ’ అంటాడు. ఇంగ్లీషు పుస్తకాలు ఈ తేడాను చెప్పడానికి రెండో రూపానికి వేరే క్రియనే అరువు తెచ్చుకుంటాయి. తెలుగులో ‘తెలుసు’, ‘తెలిసింది’ అన్న జంట ఈ పనిని ఏ శ్రమా లేకుండా చేస్తుంది. ‘కొనోషెరె’కూ ఇదే వర్తిస్తుంది: ‘లొ కొనొషేవొ’ అంటే ఆయన అప్పటికే నాకు పరిచయస్తుడు, ‘లొ కొనొష్యూతొ’ అంటే అప్పుడే పరిచయమయ్యాడు.

నేర్పు అర్థంలోనూ అంతే అనుకూలం. ‘సొ నువొతారె’ అంటే నాకు ఈత వచ్చు. క్రియ మూలరూపాన్ని నేరుగా పక్కన పెడితే చాలు, మధ్యలో ‘ఎలా’ అన్న మాట అవసరం లేదు. సామర్థ్యం లేదా వీలు చెప్పడానికి ‘పొతేరె’ అనే వేరే క్రియ ఉంది. ఈత వచ్చినవాడికి చెయ్యి విరిగితే, ఇటాలియన్‌లో ‘సొ నువొతారె, మ ఓజ్జి నోన్ పోస్సొ’ అంటాడు: ఈత వచ్చు గానీ ఇవాళ ఈదలేను. తెలుగులో ‘వచ్చు’కూ ‘గలను’కూ మధ్య ఉన్న గీత సరిగ్గా అక్కడే ఉంది. అయితే తెలుగు ‘వచ్చు’కు అనుమతి చెప్పే మరో పని కూడా ఉంది, ‘మీరు వెళ్ళవచ్చు’ అన్నట్టు. ఆ ‘వచ్చు’ ఎప్పుడూ ‘పొతేరె’ కిందికే వస్తుంది. ఘటనగా చెప్పినప్పుడు నేర్పు అర్థం ఇంకొంచెం మారుతుంది: ‘నోన్ ఆ సపూతొ రిస్పోందెరె’ అంటే జవాబు రాదని కాదు, జవాబు చెప్పలేకపోయాడు అని.

సంభాషణలో ఈ క్రియ ప్రాణంతో కనిపించేది చిన్న చిన్న పలుకుబళ్ళలో. ‘ఫమ్మి సపేరె’ అంటే తెలియజెయ్యి. ‘చేయించు’ అన్న అర్థమున్న క్రియను ముందు పెట్టి ‘సపేరె’ను ప్రేరణార్థకంగా మార్చడం, మనం ‘తెలియు’ నుంచి ‘తెలియజేయు’ను చేసుకున్న పద్ధతే. ఉద్యోగపు ఇంటర్వ్యూ ముగిశాక ‘లె ఫరేమొ సపేరె’, మీకు తెలియజేస్తాం, అని విన్నవాడు ఇటలీలోనైనా ఇక్కడైనా పెద్దగా ఆశ పెట్టుకోడు. ‘కె నె సొ’ అంటే నాకేం తెలుసు. ప్రశ్న రూపంలో ఉన్నా తెలియదనే దాని అర్థం, తెలుగులో లాగే. ‘ఎవరికి తెలుసు’ అన్న రెండు మాటలు కలిసిపోయి ‘కిస్సా’ అయింది. ఇప్పుడది ఒకే మాటగా ‘ఏమో’ అన్న అర్థంలో చెలామణీ అవుతోంది. ‘నోన్ సి సా మాయ్’ అంటే ఎప్పుడేం జరుగుతుందో ఎవరు చెప్పగలరు, గొడుగు తీసుకెళ్ళడం మంచిది అన్న ధోరణిలో వాడతారు. ‘సపేర్ల లుంగ’ అంటే పొడుగ్గా తెలియడం అని మాటకు మాట, నిజానికి లోకం పోకడ బాగా ఎరిగిన గడుసుదనం.

ఒక చిన్న హెచ్చరిక ఇక్కడ అవసరం. తెలుగులో ‘తెలుసు’ అన్న ఒక్క మాటతో సమాధానం సరిపోతుంది, తెలిసిన విషయాన్ని మళ్ళీ సర్వనామంతో చెప్పం. ఇటాలియన్‌లో ఉత్త ‘సొ’ అంటే వాక్యం గాలిలో నిలిచిపోతుంది, ‘లొ సొ’ అనాలి, అంటే ‘అది తెలుసు’. తెలియదని చెప్పేటప్పుడు మాత్రం ‘నోన్ సొ’ అన్నదీ చెల్లుతుంది, దానిలో కాస్త సందేహం, తటపటాయింపు వినిపిస్తాయి. ‘నోన్ లొ సొ’ అంటే అడిగిన ఆ ఫలానా సంగతి తెలియదని ఖచ్చితంగా చెప్పినట్టు.

తెలుగువారికి అన్నిటికన్నా ఆత్మీయంగా అనిపించవలసినది ‘మి సా కె’ అన్న వాడుక. ‘మి’ అంటే నాకు. మామూలుగా ‘సపేరె’కు కర్త తెలిసిన మనిషే: నేను, నువ్వు, వాళ్ళు. ఇక్కడ మాత్రం రుచి అర్థం తిరిగివచ్చి, మనిషి కర్త స్థానం నుంచి ‘కు’ విభక్తిలోకి జరుగుతాడు. ‘మి సా కె పియోవె’ అంటే నాకెందుకో వాన పడుతుందనిపిస్తోంది. మాటకు మాట చెబితే, వాన పడుతుందన్న రుచి నాకు తగులుతోంది. నాకు తెలుసు, నాకు అనిపిస్తోంది, నాకు గుర్తుంది అని లోపలి స్థితులన్నిటినీ ‘కు’తో చెప్పే భాష మనది. తెలిసేవాడిని కర్తగా నిలబెట్టే ‘సపేరె’లో ఈ ఒక్క వాడుక మన దారికి వచ్చినట్టుంటుంది. ఇది మాటల్లోనూ ఫోను సందేశాల్లోనూ సహజం, అర్జీలోనో పరిశోధన వ్యాసంలోనో రాస్తే ఎబ్బెట్టు.

ఈ కుటుంబంలో పుట్టిన నామవాచకాలూ విశేషణాలూ చాలా ఉన్నాయి. ‘సపోరె’ అంటే రుచి, ‘సపియెంత్స’ అంటే ప్రజ్ఞ. పోప్ ఎనిమిదో బోనిఫేస్ 1303లో స్థాపించిన రోమ్ విశ్వవిద్యాలయం నేటికీ ‘లా సపియెంత్స’ పేరుతోనే నడుస్తోంది. ‘కొన్‌సపేవొలె’ అంటే ఎరుక కలిగినవాడు. ‘అ మీయ ఇన్‌సపూత’ అంటే నాకు తెలియకుండా, నా చాటున. అన్నీ తెలిసినట్టు మాట్లాడేవాడిని ‘సచ్చెంతె’ అంటారు. అది వివేకి అన్న అర్థమున్న ‘సపియెన్స్’ నుంచే దక్షిణాది ఉచ్చారణ పోలికలతో వచ్చిన మాట. గౌరవవాచకం ఎత్తిపొడుపుగా దిగజారడానికి ఇది మంచి ఉదాహరణ, తెలుగులో ‘పండితుడు’ అన్న మాటను కొన్నిసార్లు ఏ గొంతుతో పలుకుతారో గుర్తుచేసుకుంటే ఈ మార్పు వెంటనే అర్థమవుతుంది.

ఆ దక్షిణాది ఉచ్చారణే మళ్ళీ కాపువా పత్రం దగ్గరికి తీసుకువెళుతుంది. లాటిన్ ‘సపియొ’ దక్షిణ ఇటలీ నోట ‘సాచ్చొ’గా మారింది. ఫ్లోరెన్స్ వైపు ‘ఇస్తాను’, ‘ఉన్నాను’ అన్న అర్థాలున్న ‘దొ’, ‘స్తొ’ వంటి పొట్టి రూపాల పోలికతో ‘సొ’ అయింది, నేటి ప్రామాణిక రూపం అదే. కాపువా ఉన్నది నేపుల్స్ ప్రాంతంలో, కాబట్టి అక్కడి సాక్షి నోట సహజంగా రావలసింది ‘సాచ్చొ’. పత్రంలో ఉన్నది ‘సావొ’. పదో శతాబ్దంలో అక్కడ ఆ రెండు రూపాలూ పక్కపక్కనే ఉండేవా, లేక న్యాయలేఖకులు ఊరి మాటను కాస్త పెద్దరికంగా సరిదిద్ది రాశారా అన్న చర్చ భాషా చరిత్రకారుల మధ్య చాలాకాలం నడిచింది. సాక్షులు పలకవలసిన వాక్యాన్ని ముందే రాసి వాళ్ళ చేత చెప్పించినట్టు పత్రంలోనే ఉంది గనుక, ‘సావొ’ కోర్టు భాష అన్న వాదానికి కొంత బలం కనిపిస్తుంది. నేపుల్స్ వీధుల్లో దారి అడిగినవారికి తెలియదని చెప్పే స్థానికుడు ఇప్పటికీ ‘నున్ ఒ సాచ్చొ’ అనే అంటాడు.